లోపలికి తోసిన ట్రేలు

రోజూ పొద్దున్నే ఆ లారీ మా షాపు ముందునుంచే వెళ్తుంది. ఆగదు.

అప్పటికి మా ఆవిడ షట్టరు ఎత్తి, గుమ్మం ముందు ఊడుస్తూ ఉంటుంది. లారీ మలుపు తిరిగిన చప్పుడు వినగానే చీపురు ఆగిపోతుంది. డ్రైవరు చెయ్యి ఊపుతాడు. ఈవిడ ఊపదు. లారీ వెనక తలుపు కనుమరుగయ్యేదాకా చూసి, "మన పాలు మన కళ్ళముందే ఊరేగుతున్నాయి చూడండి" అంటుంది. తర్వాత ఊడ్చినచోటే మళ్ళీ ఊడుస్తుంది. దుమ్ము మొత్తం నామీదకే వస్తుంది.

ఆ లారీలో మా పాలు, బ్రెడ్డు, పెరుగు, గుడ్లు ఉంటాయి. అవి ఊరంతా తిరిగి, పెద్ద షాపులన్నీ అయ్యాక, ఎండ నడినెత్తికి వచ్చాక, మళ్ళీ ఇదే దారిన వచ్చి మా దగ్గర దిగుతాయి. పొద్దున పాలకి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా నిలబడరు కదా. మూల మీది షాపుకి పోతారు. పాలకి పోయినవాళ్ళు సబ్బూ ఉప్పూ కూడా అక్కడే కొనుక్కుంటారు. మా ముందునుంచే సంచీ పట్టుకుని, మా వైపు చూడకుండా, తల పక్కకి తిప్పుకుని నడుస్తారు. వాళ్ళకీ మొహమాటమే.

షాపు మాదే. పైన బోర్డు కంపెనీది. సరుకంతా కంపెనీ డిపో నుంచే రావాలి, పాల ప్యాకెట్టు కూడా బయట కొనకూడదు. అమ్ముడుపోనివి వాపసు తీసుకుంటారు. వాపసు ఎక్కువైతే బోర్డు దించేసి, సరుకు ఆపేస్తారు. మధ్యాహ్నం దిగిన పాలు ఎవరు కొంటారు? మా వాపసు పెరుగుతూ వచ్చింది. పోయిన వారం కంపెనీ మనిషి వచ్చి, "నెలాఖరు దాకా చూస్తాం. ఇలాగే ఉంటే తీసేస్తాం" అని చెప్పి వెళ్ళాడు. తీసేస్తాం అన్నప్పుడు మా మొహాలు కూడా చూడలేదు. ఫోనులో ఏదో నొక్కుకుంటూ అన్నాడు.

నేను సేద్యం వదిలేసి వచ్చి పెట్టిన షాపు ఇది. తిరిగి పోదామంటే అక్కడ నాకు పొలం లేదు.

ఏ లారీ ఏ దారిన పోవాలి, ఎవరికి ముందు దింపాలి, ఎవరికి తర్వాత, ఇదంతా డిపోలో కూర్చుని ప్లాను వేసేది ఎవరో కాదు, మా బావమరిది. మా ఆవిడకి సొంత తమ్ముడు. బట్టతల వచ్చినా ఇంట్లో అందరికీ ఇంకా చంటోడే. మా సరుకు సంగతి ఎప్పుడు ఎత్తినా, "అది కంప్యూటర్ వేస్తుందక్కా, నా చేతిలో ఏముంది" అనేవాడు. మేం నమ్మాం. మా ఆవిడ రోజూ ఆ కంప్యూటర్‌నే తిట్టేది. దాని కళ్ళు పోవాలనేది, దాని వంశం నాశనం కావాలనేది.

ఒక మధ్యాహ్నం ట్రేలు దింపుతూ డ్రైవరు ఈ తిట్లు విన్నాడు.

"పాపం దాన్నెందుకు తిడతారు వదినా? కంప్యూటర్ మిమ్మల్ని మొదటే వేస్తుంది. రోజూ నా ఫోనులో ముందు మీ షాపే వస్తుంది. తర్వాత ప్లానింగ్ సారు చేత్తో మార్చి అట్టడుక్కి పడేస్తారు. ఆయనకి మీమీద ఏం పగో ఏమో!"

ప్లానింగ్ సారు ఈవిడ తమ్ముడని డ్రైవరుకి తెలియదు. ఆ డిపోలో ఎవరికీ తెలియదని నాకు అప్పుడే అర్థమైంది.

మా ఆవిడ చేతిలో గుడ్ల అట్ట ఉంది. దాన్ని మెల్లగా బల్లమీద పెట్టింది. ఆవిడ మెల్లగా పెట్టిందంటే నాకు భయం.

ఆదివారం చంటోడు భోజనానికి వచ్చాడు. అన్నం పెట్టింది, కూర వేసింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోగానే అడిగింది.

"ఒరే చంటీ, మా షాపుని కిందకి లాగుతున్నది మీ కంప్యూటరా, నువ్వా?"

వాడు నమలడం ఆపేశాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయినా ఇంకా తాగుతున్నట్టే పట్టుకున్నాడు.

"నీకు తెలీదక్కా. అక్కడ అందరి కళ్ళూ నామీదే. నువ్వు మా అక్కవని తెలిసి, అక్క షాపుకి ముందు పంపించుకుంటున్నాడని ఒక్కడు అంటే చాలు, నా పరువు పోతుంది."

"ఎవడన్నాడు?"

"అనలేదు. అంటారేమోనని."

"ఓహో! ఎవడూ అనని మాటకి నేను షాపు మూసుకోవాలి."

"నాకక్కడ పేరుందక్కా. నిక్కచ్చి మనిషినని."

"నీ నిక్కచ్చి నామీదే దొరికిందా చూపించడానికి? పెద్ద షాపువాళ్ళు ఫోను చేసి ముందు పంపమంటే పంపవా నువ్వు?"

"అది వేరే సంగతి."

"వేరే ఎందుకు కాదురా! వాళ్ళు నీకు అక్కలు కారు, అంతేగా తేడా!"

వాడు నావైపు తిరిగాడు. "బావా, నువ్వైనా చెప్పు."

నేను పెరుగు గిన్నె వాడి ముందుకి జరిపాను. "వేసుకో. పులిసిందిలే. వాపసు పంపాల్సిందే, నీకోసం ఆపాం."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "ఈ నెల ప్లాను ఖాయం అయిపోయింది. వచ్చే నెల ఏదో ఒకటి చూస్తాను" అన్నాడు.

"నెలాఖరుకి బోర్డు పోతుందిరా!"

"అంతదాకా రాదులే అక్కా. ఊరికే బెదిరిస్తారు వాళ్ళు." ఈ మాట మెట్లు దిగుతూ అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం లారీ వచ్చేసరికి మా ఆవిడ షట్టరు సగం దించి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"దింపొద్దు. తీసుకుపో."

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "తీసుకుపోతాను వదినా. నాకేం ఇబ్బంది లేదు. మీ తర్వాత ఎవరూ లేరుగా! కానీ అదీ మీ వాపసు కిందే రాస్తారు మరి."

ఆవిడ మొహం చూసి వాడే మళ్ళీ సర్దిచెప్పబోయాడు. "మధ్యలో షాపువాళ్ళు ఎవరైనా ఇలా పేచీ పెడితే నా పని అయిపోయేది. మీ ట్రేలంటారా, ఎక్కడో లోపల, నా సీటు వెనక గోడకి ఆనుకుని ఉంటాయి. ఆఖర్న దింపేవి కదా, పొద్దున మొట్టమొదట ఎక్కించేది మీవే. వాటికి అడ్డంగా మిగతావాళ్ళవి. అందుకే పొద్దున మీ ముందునుంచి వెళ్తూ కూడా ఆపి ఇవ్వలేను. వాటిని తియ్యాలంటే లారీ అంతా రోడ్డు మీద పరవాలి."

ఆవిడ షట్టరు పైకి ఎత్తింది. "దింపు" అంది. అంత కోపమూ ఎవరికీ తగలకుండా పోయింది.

సాయంత్రం దీపాలు వెలిగించాక, పాల ట్రేలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ, "మొట్టమొదట ఎక్కించేది మనవేనట" అంది.

"ఊఁ."

"అవి ఎక్కకపోతే మరి దేన్ని ఎక్కిస్తారు?"

నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూసింది.

"పొద్దున మొదటి బస్సుకి లేపండి నన్ను" అంది.

డిపో అంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. లారీలన్నీ వెనక తలుపులు తెరిచి షెడ్డు అరుగుకి ఆనుకుని నిలబడి ఉన్నాయి. చల్లగదుల ముందు ప్లాస్టిక్ పట్టీల తెరలు. వాటిని తోసుకుంటూ చక్రాల బళ్ళు వస్తున్నాయి, వాటిమీద మనిషెత్తున ట్రేలు. ప్రతి బండికీ షాపు పేరు రాసిన చీటీ అంటించి ఉంది. మా లారీ ముందు బళ్ళు వరసకట్టి ఉన్నాయి. వరసలో మొదటిది మాది. దాని చక్రం ఒకటి వంకర.

మా ఆవిడ వెళ్ళి ఆ బండి పిడి రెండు చేతులా పట్టుకుంది. నేను చక్రం ముందు కాలు అడ్డం పెట్టాను.

లోడింగు మేస్త్రి వచ్చాడు. "ఎవరమ్మా నువ్వు? జరుగు జరుగు. వెనక ఎంత సరుకుందో చూశావా?"

"చూశాను. అందుకే పట్టుకున్నా."

"ఏం కావాలి నీకు?"

"ఇది నా సరుకు. దీన్ని ఆఖర్న ఎక్కించు. మిగతావన్నీ ముందు ఎక్కించుకో, నేనేం అడ్డం రాను."

"అలా ఎక్కిస్తే నీది తలుపు దగ్గర ఉంటుంది. ముందు నీకే దింపాల్సి వస్తుంది."

"ఎంత తెలివైనవాడివి బాబూ! ఇంత చిన్న సంగతి ఆ పైన కూర్చున్నవాళ్ళకి తెలియలేదు."

కూలీలు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "వరస మార్చాలంటే ప్లానింగ్ సారు చెప్పాలి. నా ఉద్యోగం తియ్యకమ్మా" అని ఫోను చేశాడు. ఈలోగా వెనక బళ్ళు తెర దాకా పేరుకున్నాయి. చల్లగదిలోంచి ఎవడో తలుపు వెయ్యమని అరుస్తున్నాడు. పక్క లారీ డ్రైవర్లు దిగి చూడటం మొదలుపెట్టారు. ఒకడు అరుగంచున తీరిగ్గా కూర్చున్నాడు కూడా.

అద్దాల గది మెట్లమీంచి చంటోడు దిగి వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ఫోను. అక్కని చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంకా నోరు తెరవకముందే వాడి వెనకాలే మేనేజరమ్మ వచ్చింది.

"ఏంటిది? లారీ ఎందుకు కదల్లేదు? ఎవరీవిడ?"

"ఎవరో షాపావిడ, మేడమ్" అన్నాడు చంటోడు. "నేను మాట్లాడి పంపించేస్తాను."

నేను చాలామంది అబద్ధాలు విన్నాను. పశువులు కొనేటప్పుడు విన్నాను, అమ్మేటప్పుడు నేనే చెప్పాను. ఇంత తేలిగ్గా నోట్లోంచి జారిన అబద్ధం మాత్రం వినలేదు. చిన్నప్పుడు వీడు బడికి పోనని దారిలో పడి దొర్లితే, వీణ్ణి చంకన వేసుకుని బడిదాకా మోసింది ఈ ఎవరో షాపావిడే. ఆవిడకి అప్పటికి నడుము కూడా సరిగ్గా నిలబడని వయసు. నా కాలు చక్రం మీద బిగుసుకుంది. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని పళ్ళు బిగపట్టుకున్నాను.

మా ఆవిడ వాడివైపు చూడలేదు. మేనేజరమ్మతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఈ సారు ఎవరో నాకు తెలీదు మేడమ్. రోజూ మీ లారీ నా షాపు ముందునుంచే పోతుంది, ఆగదు. నా పాలు మధ్యాహ్నం దింపుతారు. అమ్ముడుపోలేదని నా బోర్డు తీసేస్తామంటున్నారు. కంప్యూటర్ నన్ను మొదటే వేస్తుందట. ఈ సారు కిందకి మారుస్తారట. నాలాంటి ముక్కూమొహం తెలియని మనిషి మీద ఆయనకి ఇంత పగ ఎందుకో, కాస్త మీరే అడిగి చెప్పండి."

మేనేజరమ్మ చంటోడివైపు తిరిగింది. "నిజమేనా?"

"అది... కొన్ని సర్దుబాట్లు... చిన్న ఆర్డరు కదా అని..."

"దారిలోనే ఉందా షాపు?"

"దారిలోనే, మేడమ్."

"ముందు దింపితే ఎవరికైనా నష్టమా?"

వాడు చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పాడు. మా డ్రైవరు అరుగు కిందనుంచి అరిచాడు. "ఎవరికీ ఏం కాదు మేడమ్! లారీ ఆపి, నేను కాలు చాపుకునేలోపు దింపేస్తాను!"

ఎవరికీ ఏం కాదు. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాకుండానే మా షాపు చచ్చిపోతూ వచ్చింది. ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు ఇంకా మండింది.

"దీన్ని ఆఖర్న ఎక్కించండి. రేపట్నుంచి కూడా ఇంతే" అంది మేనేజరమ్మ మేస్త్రితో. "అసలు ఎందుకు మార్చారో పైకొచ్చి చెప్పండి" అంది చంటోడితో. అని చకచకా మెట్లెక్కి పోయింది.

మా ఆవిడ పిడి వదిలింది. అరచేతుల్లో ఇనుప గీత ఎర్రగా పడింది. సరుకంతా ఎక్కింది. చిట్టచివర మా వంకర చక్రం బండి ఊగుతూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"అంతా బాగుంది గానీ వదినా," అన్నాడు డ్రైవరు తలుపు గడియ వేస్తూ, "ఇప్పుడు మొదట దింపేది మీకే. మీరిద్దరూ ఇక్కడుంటే ఈ సరుకు మీ తాళంకప్పకి దింపనా?"

మాకు అది తట్టనే లేదు. కూలీలు మళ్ళీ నవ్వారు. ఈసారి మేస్త్రి కూడా నవ్వాడు. ఇద్దరం లారీ ఎక్కి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాం.

గేటు దగ్గర చంటోడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కార్డు భుజం మీదకి ఎగిరిపోయింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కిటికీ కింద నిలబడి, "అక్కా! ఒక్క మాట అక్కా!" అన్నాడు.

మా ఆవిడ ఎదురుగా రోడ్డునే చూస్తోంది. "పోనివ్వు బాబూ. మొదటి షాపుకి ఆలస్యం అవుతోంది."

లారీ కదిలింది. కొంతదూరం పోయాక డ్రైవరు ఉండబట్టలేక, "అదేంటి వదినా, సారు మిమ్మల్ని అక్కా అంటున్నాడు?" అని అడిగాడు.

"అందర్నీ అలాగే అంటాడేమో. పెద్దాఫీసువాళ్ళు మర్యాదస్తులు."

షట్టరు ఎత్తలేదేమని షాపు ముందు అప్పటికే మనుషులున్నారు. రోజూ ఆగకుండా పోయే లారీ ఆగడం, అందులోంచి మేమిద్దరం దిగడం చూసి వాళ్ళు దారి ఇచ్చారు. ట్రేలు చల్లగా ఉన్నాయి. చెమర్చిన ప్యాకెట్లని ఇన్నాళ్ళ తర్వాత చేత్తో పట్టుకున్నాను. సబ్బులకి మూల మీది షాపుకి పోయే ఒకాయన మా దగ్గర పాలతోపాటు సబ్బు కూడా తీసుకున్నాడు. మా ఆవిడ గబగబా అందరికీ అందిస్తోంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా. ఒకావిడ ఏంటమ్మా ఇవాళ ఇంత తొందరగా అంటే, "ఇవాళే కాదు, రోజూ" అంది.

కాసేపటికి ఆవిడ ఫోను మోగింది. పేరు చూసి, ఎత్తకుండా బల్లమీద బోర్లించింది. ఆగి, మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. నేను తీశాను.

అవతల చంటోడు.

"బావా, మేడమ్‌కి అంతా చెప్పేశాను. మా అక్కేనని చెప్పాను."

నేను ఫోను భుజానికి ఆనించి, ఒకాయనకి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

"అక్క కోపం తగ్గిందా బావా?"

మా ఆవిడ నావైపు వీపు పెట్టి బ్రెడ్డు సర్దుతోంది. చేతులు ఆగాయి.

"మీ అక్క సంగతి మీ అక్కనే అడుగు" అన్నాను. "నాది తగ్గలేదు."

ఫోను పెట్టేశాను. ఎవరో పాలు అడిగారు. ఇంకా ఉన్నాయి. తీసి ఇచ్చాను.