చించని కవర్లు

ఏ చొక్కాకి ఏ బొత్తాం ఊడిందో నోటితో చెబితే చాలు, చూడకుండానే డబ్బాలో చెయ్యి పెట్టి సరిగ్గా దానికి జోడైనదే పైకి తీస్తుంది. అందుకని ఆమెకు బొత్తాలక్క అని పేరు పడిపోయింది. వీధి మొదట్లో ఒక గది, గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడ పొడవునా డబ్బాలు. కుట్టుపనిలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆ మాట ఇంకొకళ్ళు చెప్పే దాకా ఆగదు, ఆమే చెబుతుంది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. గోడలకు రంగులు వేస్తాడు. మూడేళ్ళ కిందట అతని మూత్రపిండాలు రెండూ మొరాయించాయి. అప్పట్నుంచి ప్రతి సోమవారం, గురువారం పెద్దాసుపత్రికి పోయి, నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రానికి చెయ్యి అప్పగించి, రక్తం శుభ్రం చేయించుకుని వస్తాడు. మిగతా రోజులు పనికి వెళతాడు. నిచ్చెన ఎక్కలేడు కాబట్టి స్టూలు మీద కూర్చుని గోడ కింది సగం వేస్తాడు. "పై సగం ఎవడైనా వేస్తాడు. మనుషులు ఆనుకునేదీ, వేలుపెట్టి చూసేదీ కింది సగమే" అంటాడు. ఆ యంత్రం, ఆ మందులు, అన్నీ సర్కారు ఇచ్చిన ఆరోగ్య బీమా కార్డు మీద నడుస్తున్నాయి. ఆ కార్డు లేకపోతే ఒక్క నెల కూడా గడిచేది కాదు.

అలాంటి కార్డు ఒక సోమవారం పొద్దున చెల్లలేదు.

కౌంటర్లో అమ్మాయి రెండుసార్లు నంబరు కొట్టి చూసింది. "మీ పేరు తీసేశారండీ. బీమా ఆఫీసులో అడగాలి" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు, ముఖం చిన్నబుచ్చుకుని మరీ చెప్పింది. డాక్టరు వచ్చి చూసి, మందులు రాసి, నీళ్ళు బాగా తగ్గించమన్నాడు. "ఒక విడత తప్పితే ఎలాగో నెట్టుకురావచ్చమ్మా. గురువారం కూడా తప్పితే ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. అప్పుడు నా చేతుల్లో ఉండదు" అని తోడు వెళ్ళిన బొత్తాలక్కతో అన్నాడు.

మంగళవారం పొద్దున్నే బొత్తాలక్క మిషన్ల మీద గుడ్డ కప్పేసి బీమా ఆఫీసుకు బయలుదేరింది. తమ్ముడి పెళ్ళాం గుమ్మంలో నిలబడి, "వదినా, అక్కడ కాస్త మెత్తగా మాట్లాడు. నీ నోటికి వాళ్ళు ఉన్న కార్డులు కూడా పీకేయగలరు" అంది.

"నా నోరు లేకపోతే నీకు ఈ పెళ్ళే జరిగేది కాదు. పద, వాడికి గుక్కెడు నీళ్ళు కొలిచి ఇవ్వు" అని బొత్తాలక్క చెప్పులేసుకుంది.

ఆఫీసులో మూడో కౌంటర్ దగ్గర ఒక గుమాస్తా. మెడలో తాడుకు కళ్ళజోడు, బల్ల మీద కాగితాలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. అతను నంబరు చూసి, "మూడు ఉత్తరాలు పంపామమ్మా" అన్నాడు. "ఏటా ఒకసారి ఇంట్లో ఎంతమంది, సంపాదన ఎంత అని సరిచూసి, ఫారం మీద సంతకం పెట్టి తిప్పి పంపాలి. పంపకపోతే రెండో ఉత్తరం, ఆ తర్వాత మూడోది. దానికీ జవాబు లేకపోతే పేరు పోతుంది."

"నిరుడు దాకా బడి ఆవరణలో బల్ల వేసి మీవాళ్ళే రాసుకునేవాళ్ళు కదా సార్!"

"ఈ ఏడు నుంచి ఉత్తరాల పద్ధతి."

"మాకు ఏ ఉత్తరమూ రాలేదు."

గుమాస్తా పుస్తకం ఆమె వైపు తిప్పాడు. మూడు తేదీలు, మూడు చోట్లా ఆమె సంతకమే. ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడు పనికిపోయినప్పుడు పోస్టాయన ఆమె కొట్లోనే ఇచ్చి వెళ్ళేవాడు. చేతిలో సూది ఉండగానే సంతకం గీకేది.

"మీ వీధి అంతా ఇంతేనమ్మా" అన్నాడు గుమాస్తా. కోపంగా కాదు, అలసటగా. "ఆ పెద్ద ఇళ్ళ వైపు నూటికి ఐదుగురి పేర్లు పోతే మీ వైపు నలభై పోయాయి. ఉత్తరం తీసుకుంటారు, జవాబివ్వరు. చదువు లేకపోతే పక్కవాళ్ళని అడగొచ్చు. అడగరు. నిర్లక్ష్యం. నివేదికలో అదే రాశాను."

ఆ మాటకు బొత్తాలక్కకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఏదో అనబోయింది. మరదలి మాట గుర్తొచ్చి పళ్ళు బిగపట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ట్రంకుపెట్టె తెరిస్తే కవర్లు ఉండనే ఉన్నాయి. పెళ్ళికాగితం మీద, తమ్ముడి ఇంటిపట్టా పక్కన, ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూడూ పదిలంగా ఉన్నాయి. వెనక అతుకు మీద సర్కారు ఎర్రముద్ర చెక్కు చెదరలేదు. ఒక్కటి కూడా చించలేదు.

చించకపోవడానికి ఆ వీధికి ఒక కారణం ఉంది. పన్నెండేళ్ళ కిందట అక్కడి వాళ్ళకు ఇళ్ళపట్టాలు ఇచ్చినప్పుడు అచ్చం ఇలాంటి ఎర్రముద్ర వేసిన కవర్లలోనే పెట్టి ఇచ్చారు. "పరిశీలనకు మేమొచ్చే దాకా ముద్ర విప్పొద్దు, విప్పితే చెల్లదు" అని ఇచ్చినాయన గట్టిగా చెప్పి వెళ్ళాడు. మూడిళ్ళ వాళ్ళు ఆత్రం పట్టలేక విప్పారు. నిజంగానే చెల్లలేదు. రెండేళ్ళు చెప్పులరిగేలా తిరిగాక గానీ వాళ్ళకు మళ్ళీ పట్టాలు రాలేదు. ఆనాటి నుంచి ఆ వీధిలో ఎర్రముద్ర కవరు వస్తే తడవకుండా, నలగకుండా దాచడమే. అడిగినప్పుడు తీసి ముద్ర చూపించడమే. పుట్టిన పిల్లలకు కూడా అదే నేర్పారు.

బొత్తాలక్క మొదటి కవరు అంచు కత్తెరతో కత్తిరించింది. మరదలు గుండె మీద చెయ్యి వేసుకుంది. లోపల రెండు కాగితాలు. పై దాంట్లో, ఈ ఫారం నింపి నెలలోగా పంపవలెను, అని ఉంది. బొత్తాలక్క పదో తరగతి దాకా చదివింది, ఆ ముక్క చదవలేకపోవడం ఏమీ లేదు. మంచం మీద కాళ్ళు ఉబ్బి పడుకున్న తమ్ముడు అంతా విని, "అక్కా, మనం నా ప్రాణాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశామే" అని నవ్వబోయి దగ్గాడు.

ఆమె నవ్వలేదు. లేచి వీధిలోకి నడిచి, మొదటి ఇంటి తలుపు కొట్టింది.

చీకటి పడే లోపు తమదీ కలిపి నలభై ఒక్క ఇళ్ళ కవర్లు పోగుచేసింది. అన్ని ఇళ్ళలోనూ అదే కథ. ఒకళ్ళు బట్టల అడుగు నుంచి తీశారు, ఒకళ్ళు డబ్బాలో నుంచి. పాలమ్మే ముసలామె, అందరికీ పాలమ్మ, తలగడ గలీబు విప్పి అందులోంచి తీసి, "విప్పితే ఊరుకోను సుమా! నా మోకాలి ఆపరేషన్ దీంట్లో ఉంది" అంది.

"నీ మోకాలు దీంట్లోంచి బయటకు రావాలంటే విప్పాలి పాలమ్మా."

"ముందు నువ్వు విప్పింది చెల్లనీ, అప్పుడు చూద్దాం" అని పాలమ్మ తనది ముద్రతోనే ఇచ్చింది.

బుధవారం గుమాస్తా తలెత్తేసరికి బల్ల మీద ఒక గుడ్డమూట ఉంది. ముడి విప్పి కవర్లు ఒలకబోసింది బొత్తాలక్క. పేర్చిన కాగితాలన్నీ చెదిరిపోయాయి.

"ఇదేంటమ్మా?"

"మా నిర్లక్ష్యం సార్. చూసుకోండి. ఎక్కడైనా నలిగిందా, తడిసిందా? పొయ్యి పొగైనా తగిలిందా?"

అతను ఒకటి ఎత్తాడు, ఇంకొకటి ఎత్తాడు. అన్నీ తిరగేసి ముద్రలు చూశాడు. ఆమె పట్టాల సంగతి మొత్తం చెప్పింది. మెత్తగానే చెప్పింది గానీ, చివర్లో ఉండబట్టలేక, "మా వీధిలో చదువు రానివాళ్ళు తక్కువ సార్. దెబ్బ తిన్నవాళ్ళు ఎక్కువ" అంది.

గుమాస్తా కళ్ళజోడు తీసి గుండె మీదకు వదిలేశాడు. "ఈ ముద్ర నేనే వేయించానమ్మా. మామూలు కవరైతే జనం చెత్తలో పారేస్తారు, ముద్ర ఉంటే గౌరవిస్తారని" అన్నాడు.

"గౌరవించాం కదా సార్. ముట్టుకోనంత గౌరవించాం!"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తాకు కూడా నవ్వొచ్చింది గానీ మింగేశాడు. సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. "సరైన కారణం ఉంటే తీసేసిన రోజు నుంచే పేరు మళ్ళీ ఎక్కించే వీలుంది. కానీ కారణాలు నాలుగే. ఉత్తరం అందలేదు, ఇల్లు మారారు, ఊళ్ళో లేరు, జబ్బు చేసింది. మీ తమ్ముడిది జబ్బు అని పెడతాను. ఇప్పుడే అయిపోతుంది. రేపు ధైర్యంగా తీసుకెళ్ళండి."

బొత్తాలక్క కలం అందుకుంది కూడా. అంతలో మూట వైపు చూసింది.

"మరి వీళ్ళకో?"

"వీళ్ళకు నాలుగింట్లో ఏదీ వర్తించదు కదమ్మా. అందలేదని రాద్దామంటే సంతకాలున్నాయి, పోస్టాయన ఉద్యోగం పోతుంది."

"వాడికి జబ్బు కాబట్టి కవరు విప్పలేదని రాస్తే అది అబద్ధం సార్. ఆ అబద్ధంతో వాడొక్కడు గట్టెక్కుతాడు. మిగతావాళ్ళు జబ్బు పడే దాకా ఆగాలా? పైగా మీ నివేదికలో మేమంతా నిర్లక్ష్యం వాళ్ళం అలాగే ఉంటాం." కలం కింద పెట్టింది. రేపు గురువారం. "నిజం రాయండి. ఎర్రముద్ర విప్పితే చెల్లదని సర్కారే మాకు చెప్పింది, అందుకని విప్పలేదు. నలభై ఒక్క మందికీ అదే కారణం."

"దానికి గడి లేదమ్మా. ఐదో కారణం రాయాలంటే అధికారి ఒప్పుకోవాలి. ఆవిడ మూడింటికి గానీ రారు. ఒప్పుకుంటారని నేను మాటివ్వలేను. ఒప్పుకోకపోతే, ఇవాళ్టికి మీ తమ్ముడిది కూడా ఆగిపోతుంది. ఆలోచించుకోండి."

ఆమె వెళ్ళి గోడవార బెంచీ మీద కూర్చుంది. ఆలోచించింది. ఇంటి దగ్గర తమ్ముడు గ్లాసులో అంగుళం నీళ్ళు పెట్టుకుని గంటకోసారి పెదవులు తడుపుకుంటున్నాడు. వాడిని అడిగితే ఏమంటాడో ఆమెకు తెలుసు. వాడు సగం గోడ వేసినా అంచు చెడకుండా వేసే మనిషి. అయినా అడగకుండా వాడి ప్రాణం మీద తను పందెం కాయకూడదు. ఎదురు కొట్లోంచి ఫోన్ చేసింది.

తమ్ముడు ఆయాసపడుతూ అంతా విన్నాడు. "పాలమ్మ మోకాలు పోయాక నాకు పాలెవరు పోస్తారే అక్కా! మూడింటి దాకా ఆగు. నేను గురువారం దాకా ఆగలేనా" అన్నాడు.

మూడింటికి అధికారి వచ్చింది. గుమాస్తా లేచి, మూట తనే మోసుకుంటూ లోపలికి వెళ్ళాడు. గాజు తలుపు అవతల ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు గానీ, అతను రెండు చేతులూ ఊపుతూ చెప్పడం కనిపించింది. తన బల్ల దగ్గర ఒక్క చెయ్యి కూడా ఊపని మనిషి. పావుగంటకు ఆమెను పిలిచారు.

అధికారి పాలమ్మ కవరును వెలుతురుకు ఎత్తి చూస్తోంది. "ఇది విప్పనా?" అంది.

"వద్దండీ. అది చెల్లేదాకా విప్పనివ్వనంది ఆవిడ."

అధికారి నవ్వి దాన్ని పక్కన పెట్టింది. "మీ వైపు జనం పట్టించుకోరని ఈ ఏడంతా చదువుతున్నాను. ఇంత పట్టించుకున్న వాళ్ళను నేను ఎక్కడా చూడలేదు" అంది. నాలుగు కారణాల కింద తన చేత్తో ఐదోది రాసి సంతకం చేసింది. ముందు తమ్ముడి ఫారం, తర్వాత మిగతావి. నివేదికలో నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి, మా కవరు చూసి తెరవకూడదనుకున్నారు, అని రాయమంది. గుమాస్తా అక్కడే నిలబడి కొట్టేశాడు. ఎర్రముద్ర ఆపేయాలనీ, ఉత్తరం పంపడంతో పాటు వచ్చే వారం నుంచి ఆ వైపు వీధుల్లో మళ్ళీ బల్ల వేయాలనీ అనుకున్నారు. బల్ల ఎక్కడ వేద్దామని అడిగితే బొత్తాలక్క, "మా కొట్టు ముందు. నీడ ఉంటుంది, నేనూ ఉంటాను" అంది.

గురువారం పొద్దున కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టి, కుర్చీలోంచి సగం లేచి, "వచ్చిందండీ!" అని అరిచినంత పని చేసింది.

డయాలసిస్ గదిలోకి బయటివాళ్ళను రానివ్వరు. బొత్తాలక్క, మరదలు తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు. గొట్టాల్లో రక్తం ఎర్రగా కదలడం మొదలైంది. గంటన్నరకు తమ్ముడి ఊపిరి నెమ్మదించింది. ఇంకాసేపటికి పక్క కుర్చీలో ఉన్నాయన వైపు తిరిగాడు. ఒక చెయ్యి యంత్రానికి ఇచ్చేశాడు కాబట్టి రెండోదానితోనే ఏదో కథ మొదలుపెట్టాడు. మూట విప్పి ఒలకబోసినట్టు చెయ్యి తిప్పాడు. వేలు తలుపు వైపు చూపించాడు. పక్కాయన మెడ తిప్పి, అద్దంలోంచి బొత్తాలక్కను కింది నుంచి పై దాకా చూశాడు. ఆమె పమిట సర్దుకుని, చూడనీ అన్నట్టు నిటారుగా నిలబడింది.

"చూడు వదినా నీ తమ్ముడి గొప్పలు" అంది మరదలు. ముక్కు చీదుకుంది గానీ గొంతులో నవ్వు ఉంది. "నలభై ఒకటి కాస్తా ఈపాటికి నాలుగు వందలు అయ్యుంటాయి."

"చెప్పుకోనీవే" అంది బొత్తాలక్క, అద్దం మీంచి కళ్ళు తిప్పకుండా. "మన వెనక వీధులు కూడా కలిపితే అంతకి తక్కువేం ఉండవు. సోమవారం నుంచి అటు తిరుగుతాను. నువ్వూ రా, ఫారాల్లో పేర్లు రాద్దువు గాని. నీ చేతిరాత నాకంటే గుండ్రం."

మరదలు ఆమె వైపు తిరిగి చూసింది. పెళ్ళయి పద్నాలుగేళ్ళలో వదిన నోట తనను మెచ్చుకున్న మాట వినడం అదే మొదటిసారి.

"ఎరుపు తప్ప ఏ రంగు కలంతో రాయమంటావు?" అంది.