ఆరిన మైనం

పాలిష్ వచ్చిందిరో అని డ్రైవర్ యాదగిరి మొన్న హైదరాబాదు నుంచి మోటరు దిగుతూనే అరిస్తే, దొర గడి ముందున్న జనమంతా పోలీస్ వచ్చిందని విని ఎక్కడివాళ్లు అక్కడ ఉరికారు, వాడు డబ్బా మూత తీసి, గిది మైనమయ్యా, మోటరుకు పూసేది, మిమ్ముల పట్టుకపోయేది గాదు అని వాసన చూపిస్తే గానీ ఒక్కరూ తిరిగి రాలేదు, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, నలభై ఐదేళ్లు దాటినా నా నోటికి తాళం పడలేదు, ఇప్పుడా నోరు ఏమంటున్నదో నాకే వినబడటం లేదు, చేతిలో మిషను అంత మోత, నేను దాన్ని మోస్తున్నాను, అది నన్ను మోగిస్తోంది, మిషనంటే ఏముంది, గొర్రెవున్ని టోపీ పెట్టుకున్న తిరగలి, దాని తోక వెనకసాలలో డైనమోకు తగులుకుంది, డైనమో నూనె ఇంజనుకు తగులుకుంది, ఇంజను దొరకు తగులుకుంది, నేనేమో అన్నిటికీ కలిపి తగులుకున్నాను.

ఎనిమిదేళ్లుగా ఈ నల్లమోటరును చేత్తోనే తుడిచాను, దర్వాజ నీడకు తోసుకుని, పాత ధోవతి పేలికతో జానెడు జాగాకు మైనం పూసి, అది మసకబారేదాకా ఆగి, వేలితో గీసి చూసి, గీత నల్లగా తళుక్కుమంటే తుడిచి పక్క జానెడుకు జరగడం, పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా, చేతికి తొందర లేదు, దొరకు ఉంది, నిన్న మెట్ల మీద కనబడితే కాళ్ల మీద పడ్డాను, దొర ఊరికే దొరకడు కదా, నీ బాంచెన్ దొరా, నా బిడ్డ సైదమ్మ పచ్చి బాలింత, తొమ్మిది దినాలే అయింది, తాలూకాదారు విందుకు వడ్లు దంచే వెట్టికి దాన్ని పిలువకుండ్రి, ఇరవై ఒకటో దినం దాటంగనే నేనే తోలుకొస్త అంటే, దొర పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, రేపు మాపటేలకు తాలూకాదారు సాబ్‌ను తేను మోటరు పోవాలెరా ఐలిగా, కొత్త మిషన్‌తోని మెరిసినంక నీ బిడ్డ జోలికి ఎవ్వడు రాడు పో అన్నాడు, ఆ మాటను నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయి చెబితే, సైదమ్మ చంటిదాన్ని ఇటు పక్కకు మలుపుకుంటూ, నిజంగ మెరుస్తదా నాయినా అంది, మెరవక ఏడికి పోతది బిడ్డా, తాలూకాదారు అందుల మొకం జూసి ఎవడీ దొంగ అని అడుగుతడు అన్నాను, అది నవ్వబోయి కడుపు పట్టుకుంది, నవ్వియ్యకు నాయినా, నొస్తాంది అంది.

మెరవడానికేం, మెరిసేదే, నా తెలివి అడ్డం పడకుంటే, మైనం, మిషను అమ్మిన హైదరాబాదు దుకాణంవాడు చెప్పింది యాదగిరి నాకు ఒప్పజెప్పాడు, జానెడు జానెడు గాదు ఐలన్నా, మొత్తం ఒక్కపారి పూయాలె, ఆరాలె, మిషన్ ఒక్క తిప్పుల లేపుతది అని, ఆరాలె అన్నాడా, ఆరడమంటే మాకు తెలిసింది ఒక్కటే, ఇల్లలికితే లోపలి మూల నుంచి గడప దాకా ఏకంగా అలికి, తలుపు బార్లా తెరిచి ఎండ పడనిస్తాం, కాలికి అంటకపోతేనే అది ఆరినట్టు, కాబట్టి పొద్దున మోటరును నీడలోంచి నడివాకిట్లోకి తోయించి, నా పెండ్లాం గుర్వమ్మ పేడతో అలికినట్టే అర్ధచంద్రాలు అర్ధచంద్రాలుగా ముక్కు నుంచి వెనక చక్రాల దాకా పూసి, ఎండకు అప్పజెప్పి నిలబడ్డాను, ఎండ దాని పని అది చేసింది, వేలితో గీస్తే గీత పడలేదు, గోరు విరిగింది, పూసిన మైనమంతా రాయైపోయింది, ఇంతసేపూ టోపీ తిరిగింది, నా తల తిరిగింది, ముందు రేకు మీద చాటంత జాగా మెరిసింది, మిగతా మోటరంతా సున్నం కొట్టిన గోడ, ఇంకొంచెం అదిమితే వస్తుందేమో, ఇంకొంచెం, గుక్ గుక్ అంది వెనకసాలలో, టోపీ ఆగింది, యాదగిరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, నూనె ఒడిసింది ఐలన్నా, జర్మనోని లడాయి మొదలైనకాంచి యాడ దొరుకుతలేదు, రేపటిదాంక రాదు.

మోత ఆగితే ఇంత నిశ్శబ్దమా, గడిలో గడియ గడిచే చప్పుడు కూడా వినబడేట్టుంది, కాదు, అది వేరే చప్పుడు, వడ్ల గరిసెల వెనక నుంచి, రోకళ్లు, మూడు, కాదు నాలుగు, మూడు దెబ్బలు వరసగా పడుతున్నాయి, నాలుగోది మాత్రం లేచినచోటే కాసేపు ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు పడుతోంది, యాదగిరీ, గా నాలుగోది ఎవరిదిరా, వాడు నన్ను చూడకుండా చక్రాన్ని చూస్తున్నాడు, నువ్వు మిషన్ షురూ చెయ్యంగనే పట్టుకొచ్చిండ్రన్నా, వదినె చంటిదాన్ని ఎత్తుకొని గోడకాడ కూసుంది, నీ బిడ్డ గీ వాకిట్లకెల్లి పోతూ రెండుపార్లు నాయినా అని పిలిచింది, నువ్వు ఇటు మొకం తిప్పలే, దొర మాటిచ్చిండు గదరా అని నేను అరిచిన అరుపుకు పేడ ఎత్తేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు అందరూ ఆగి చూశారు, యాదగిరి వాళ్లందరికీ వినబడేట్టు, మెరిసినంక అని గద నేనన్నది, ఇంకా మెరవలే గద అంటుండు దొర, తాలూకాదారుకు తాలు లేని బియ్యం గావాలె, మెరిసిన గడియల ఇంటికి పొమ్మంటడట అన్నాడు, తాలూకాదారు, తాలు, ఆ మాట నేను అనవలసింది, ఎప్పుడైనా నేనే అనేవాణ్ణి, వాడి నోట వింటే అందులో నవ్వేమీ లేదు.

మిషను కింద పెట్టాను, పేలిక తీశాను, రాయైన మైనాన్ని కొత్త మైనమే మెత్తబరుస్తుంది, ఇది దుకాణంవాడికి తెలియదు, చేతికి తెలుసు, జానెడు పూశాను, రుద్దాను, వచ్చింది, కొంచెం, పక్క జానెడు, ఇంకా ఎన్ని జానలు, వాకిట్లో నీడ లేదు, మోటరును తోయడానికి ఎవరూ దగ్గరికి రారు, మూడు దెబ్బలు, ఆగడం, నాలుగోది, పాపిష్టి మిషను, అది లేకుంటే బిడ్డ మొదటి పిలుపుకే తలెత్తేవాణ్ణి, తలెత్తి, తలెత్తి ఏం చేసేవాణ్ణి, పేలిక విసిరికొట్టి దాని చేతిలోంచి రోకలి గుంజుకునేవాణ్ణా, మూడు దెబ్బలు, ఆగడం, ఈసారి ఎక్కువసేపు ఆగింది, పడింది, చెవులు ఇప్పుడు బాగానే వింటున్నాయి, చెయ్యి పక్క జానెడుకు జరిగింది, నేను తలెత్తనిది వినబడకపోవడం వల్ల కాదు, మొదటి పిలుపు విన్నా నేను తుడుస్తూనే ఉండేవాణ్ణి.