పన్నెండుగురు డ్రైవర్లు, ఒక ఆకుపచ్చ కారు

స్టీరింగ్ నా చేతుల్లో ఉంది, పక్కన మాస్టారు ఉన్నారు, కారు ఇప్పటికే పరుగెడుతోంది, నాకేమో డ్రైవింగ్ రాదు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, అయినా ఇప్పుడు ఎత్తితే మర్యాదగా ఉండదన్నట్టు ఇద్దరం ముందుకే చూస్తున్నాం. భీమిలి రోడ్డు కాబట్టి కుడిపక్కన సముద్రం ఉండాలి, ఉంది కూడా, కానీ కాసేపటికి అది మా ప్రయోగశాల నీలం గోడైపోయి, నేను తల తిప్పేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ అలలు వేస్తోంది.

"ఏటమ్మా ప్రమీలమ్మా, స్టీరింగు పట్టుకున్నావా, పిల్లి పీక పట్టుకున్నావా? కొంచెం ఒదులుగా పట్టుకో."

"నాకు రాదు మాస్టారూ!"

"రాకపోతే ఇంత దూరం ఎలగొచ్చీసేవు?"

నాకు నవ్వు ఆగడం లేదు. ప్రొఫెసర్ పైడిరాజు గారు నా థీసిస్ గైడు. ముప్ఫై ఏళ్ళు సైకాలజీ చెప్పిన మనిషి, కానీ సైకాలజీ కన్నా ఈ ఆకుపచ్చ ఫియట్ అంటేనే ప్రాణమని మేం చాటుగా అనుకునేవాళ్ళం. శిష్యుల్ని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడగడం ఆయనకు పడదు, కార్లో ఎక్కించుకుని భీమిలి దాకా తిప్పుతూ అడుగుతారు. ఎదురెదురుగా కూర్చుంటే మనిషి మొహం సర్దుకుంటాడట, పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తుంటే నిజం దానంతటదే బయటికొస్తుందట. నా దగ్గర మాత్రం రాలేదు.

ఆ రాని నిజం ఇప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఉంది. ఆయన పేరు మీద శిష్యులం వేస్తున్న పుస్తకం ప్రూఫులు, ఈ సాయంత్రం ప్రెస్సుకు వెళ్ళిపోవాలి. మూడో అధ్యాయం నిండా నా థీసిస్ పట్టికే: బస్సు డ్రైవర్లు ముప్ఫైమంది, కన్ను చూశాక చెయ్యి కదలడానికి ఒక్కొక్కరికీ ఎంత సేపు పట్టిందో ఆ కొలతలు. నేను కొలిచింది పద్దెనిమిది మందిని. మిగతా పన్నెండుగురూ తెల్లవారుజాము బస్సుల వాళ్ళు, వానాకాలం, డిపోకు వెళ్ళడానికి బద్ధకించి వాళ్ళ అంకెలు హాస్టల్ మంచం మీద కూర్చుని నేనే అల్లేశాను. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

"క్లచ్ తొక్కి గేరు మార్చీ," అంటున్నారు మాస్టారు, స్టీరింగ్ పక్కనున్న కడ్డీని నేను లాగేసరికి కారు నల్లటి టాక్సీ అయిపోతోంది, రోడ్డు విజయనగరం వీధి అయిపోతోంది, మాస్టారికి నూనూగు మీసాలొచ్చి చేతిలో తుడుపుగుడ్డ ప్రత్యక్షమవుతోంది.

"ఇది మా అయ్య బండి," అంటున్నారు మురిసిపోతూ. "రోజూ నేనే తుడిచీవోణ్ణి, మొహం కనబడీదాకా తుడిచీవోణ్ణి. ఓ రోజు దున్నపోతు అడ్డొచ్చింది. అయ్య బ్రేకు తొక్కేడు, కానీ రెప్పపాటు ఆలస్యం, బండి కాలవలో పడింది. మేస్త్రీ చూసి బ్రేకు బాగుందన్నాడు. డాక్టరు చూసి కాలు బాగుందన్నాడు. మరి ఆ ఆలస్యం ఎక్కడుందిరా అంటే ఒక్కడూ చెప్పలేదు. అది ఎతుక్కుంటూ పోయేనమ్మా, పోయి పోయి ప్రొఫెసర్నైపోనాను!"

నేను ఇంకో గేరు మారుస్తున్నాను, టాక్సీ జీపవుతోంది, వెనక సీట్లో కొలత పరికరాలు గలగలలాడుతున్నాయి, మాస్టారు కుర్ర లెక్చరరై డిపో డిపోకూ తిరుగుతూ ప్రతి బండి పేరూ నాకు వినిపించేలా అరుస్తున్నారు. మరో గేరు, మళ్ళీ ఆకుపచ్చ ఫియట్, మళ్ళీ నెరిసిన జుట్టు, గాలికి ప్రూఫులు రెపరెపలాడుతుంటే వాటిని మోచేత్తో అదిమిపెట్టి నేను ఇంకా ఇంకా తొక్కుతున్నాను, ఇంత సంతోషం నేను పుట్టాక ఎరగను.

అప్పుడు రోడ్డుకి అడ్డంగా పన్నెండు బస్సులు. ప్రతి బస్సు ముందూ ఖాకీ చొక్కాలో ఒక డ్రైవరు, చెయ్యి చాపి, బొటనవేలూ చూపుడువేలూ తెరిచి, కొలవడానికి ఎవరైనా వస్తారేమోనని నిలబడి ఉన్నాడు. ఒక్కరికీ మొహం లేదు. ఉండదు కదా, నేను చూస్తేగా.

"బ్రేకు!"

తొక్కాను, రెప్పపాటు ఆలస్యంగా. మొదటి డ్రైవరు చొక్కా గుండీకి జానెడు దూరంలో కారు ఆగింది. ఆగడం ఆలస్యం, నా నోరు ఆగడం లేదు. "వీళ్ళని కొలవలేదు మాస్టారూ, ఒక్కణ్ణీ కొలవలేదు, అన్నీ నేనే రాసేశాను, మీ పుస్తకంలో పెట్టేశాను, ఇప్పుడేం చెయ్యను?"

మాస్టారు రోడ్డు మీంచి చూపు తిప్పడం లేదు. "నీ పట్టికలో ఆ పన్నెండుగురూ ఒక్కలాగే ఉన్నారమ్మా. మనుషులు అలగ ఉండరు."

"తెలుసా మీకు? మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావనే తిప్పేను. ఆ ఏడు నిన్ను భీమిలి ఎన్నిసార్లు తీసుకెళ్ళేను?"

పదకొండుసార్లు. కారు పిచ్చి మనిషి, షికారుకి తోడు కావాలి కాబోలు అనుకున్నాను పదకొండుసార్లూ. నాకు ఏడుపొచ్చేసింది, దాని వెంటే ఏదో పెద్ద మూట దిగిపోయినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది.

"ఏడుపు తరవాత. చెయ్యి చాపు." డాష్‌బోర్డు మీంచి తన పాత చెక్క స్కేలు తీశారు. మా పరికరాలన్నిట్లోకీ పాతది అదే: స్కేలును పైనుంచి చెప్పకుండా వదులుతారు, కిందనున్న వేళ్ళు ఏ అంకె దగ్గర పట్టుకుంటే అదే మన ఆలస్యం. "ఎంతొస్తే అంతే రాయి. అందంగా లేదని సర్దీకు. ఒగ్గేస్తున్నాను, చూసుకో..."

వదిలేశారు.

మధ్యాహ్నం మూడు. మా ఇంటి వెనక రేకుల షెడ్డు, మాస్టారు నాకిమ్మని రాసిపెట్టి పోయిన ఆకుపచ్చ ఫియట్, అందులో ఎడమ సీట్లో నేను. ఆయన కార్లో కూర్చుని ఆయన పుస్తకం దిద్దుదామని వచ్చి నిద్రపోయాను. గుండె ఇంకా బీచి రోడ్డు మీదే పరుగెడుతోంది. ఒళ్ళో మూడో అధ్యాయం తెరిచే ఉంది.

పెన్సిలు తీసి పన్నెండు వరుసలూ కొట్టేశాను. అంచున "వీరిని నేను కొలవలేదు, ఈ అంకెలు నా కల్పన" అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

అప్పుడు చూసుకున్నాను ఎడమ చేతిని. నేను నిద్రలో ఉండగా డాష్‌బోర్డు మీంచి జారిన మాస్టారి చెక్క స్కేలును బొటనవేలూ చూపుడువేలూ గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వేలి కింద సెంటీమీటర్ల అంకె పన్నెండు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాను.

పన్నెండు కాదు, పన్నెండున్నర.

నా సంతకం పక్కన పన్నెండున్నర అనే రాశాను.