మొదటి బస్తా

నాకు ఓపిక తక్కువని చర్ల మండలంలో సగం మందికి ముందే తెలుసు. మిగతా సగానికి ఈ ఏప్రిల్‌లో తెలిసింది.

మా సొసైటీలో ఇరవై రెండు మంది ఆడవాళ్ళం. అడవిలో ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, బస్తాలకెత్తి షెడ్డులో పెడతాం. లడ్డూలు చేసే హైదరాబాదు కంపెనీ ఒకటి ఏడాది పొడవునా మా సరుకే తీసుకుంటామంది, ఒక్క షరతు మీద. ఏ బస్తా ఎవరిదో, ఏ ఊరిదో కంప్యూటర్‌లో కనబడాలి. తెర మీది లెక్కా నేల మీది లెక్కా కలవాలి. తేడా వస్తే బయటి సరుకు కలిసిందనుకుని మళ్ళీ మా గడప తొక్కరు. అప్పుడిక అందరం మిరప తోటల్లో కూలికి పోవడమే.

భద్రాచలం నుంచి ఎవరినైనా పిలిపిద్దామని మీటింగులో అన్నారు. అక్కర్లేదు, నేను చేస్తానన్నాను. బీకాం చదివాను, ఫోన్లో వీడియోలు చూశాను, ఇంకేం కావాలి? ఎవరైనా ఉచితంగా దించుకుని తమకు తగ్గట్టు మార్చుకోగల వ్యాపార సాఫ్ట్‌వేర్ ఒకటుందని ఆ వీడియోలే చెప్పాయి. ఆఫీసులోని పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చి అందులో ఎక్కించాలి. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడానికి దిగాను.

మొదటి రోజు పాస్‌వర్డ్ కొట్టమంది. కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరమూ పడదు. కీబోర్డు చచ్చిందనుకుని నాలుగుసార్లు బాదాను. అక్కడ అక్షరాలు కనబడవని, నేను బాదినదంతా పాస్‌వర్డై కూర్చుందని తెలిసేసరికి చేసేదేం లేక మొత్తం తుడిచేశాను. రెండో రోజు ముప్పావు వంతు దిగాక గాలిదుమారానికి కరెంటు పోయింది. మళ్ళీ తుడిచాను. మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి కంపెనీ మనిషి జగదీష్ వస్తాడు. పొద్దున ఆరింటికే కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ, కుర్చీకీ గుమ్మానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. తెర మీద ఎర్రటి వరుస పడ్డప్పుడల్లా లేచేదాన్ని.

ఆ పక్కనే షెడ్డులో కొండమ్మత్త బస్తాలు సర్దుతోంది. సొసైటీ పుట్టినప్పటి నుంచి సరుకు ఎత్తేదీ, లెక్క పలికేదీ ఆమే. ఆమె పలికింది పలికినట్టు మాలోనే ఒకతె, భవాని, తన ఫోన్లోని పట్టికలో ఎక్కిస్తుంది. నా అవస్థ చూసి కొండమ్మత్త మజ్జిగ తెచ్చి పెట్టింది. అటు పెట్టమని చిరాకుపడ్డాను. అది అక్కడే పులిసిపోయింది.

ఒంటిగంటకు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఒంటరిగా ఆ గదిలో గంతేశాను. భవాని పంపిన పట్టిక అందులోకి ఎక్కించాను. కింద పచ్చరంగులో ఒక వరుస వచ్చింది, కొన్ని వరుసలు వదిలేశానని. మూడు రోజులుగా ఇలాంటివి వంద చూశాను. మూసేశాను.

జగదీష్ వచ్చి, సభ్యులందరూ చూస్తుండగా బస్తాలు లెక్కపెట్టాడు. నూట ఎనభై ఒకటి. తెర మీద నూట యాభై తొమ్మిది.

ఆయన పుస్తకం మూసి సంచిలో పెట్టుకోబోయాడు. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వ్యాపారులు బస్తాలు తెచ్చి కలుపుతారన్న మాట నేనూ విన్నాను. షెడ్డు తాళంచెవి కొండమ్మత్త దగ్గరే ఉంటుంది. అందరి ముందూ అడిగేశాను.

"అత్తా, బయటి బస్తాలు ఏమన్న కలిపినవా?"

"కలపలే" అంది. తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళి గుమ్మం బయట కూర్చుంది.

జగదీష్‌ను ఐదు నిమిషాలు ఆగమని బతిమాలి, తెర మీది పేర్లు ఒక్కొక్కటే కిందికి జరిపాను. మా సభ్యురాలు హేమ్లి బస్తాలు రెండో నంబరుతో మొదలయ్యాయి. భవానివీ రెండుతోనే. నావీ అంతే. ఇరవై రెండు మందిలో ఒక్కరికీ మొదటి బస్తా లేదు.

భవాని ఫోన్లో పట్టిక తెరిచాను. ప్రతి మనిషి పేరు కింద మొదటి గడిలో అంకె లేదు, "లాభం" అని ఉంది. కొండమ్మత్త ఏది కొలిచినా ఒకటి అనదు. లాభం, రెండు, మూడు అంటుంది. మా అమ్మ వడ్లు కొలిచేటప్పుడూ అంతే అనేది, నేను వింటూ పెరిగాను. అంకె కాదని మిషన్ ఆ ఇరవై రెండు వరుసలూ వదిలేసింది. వదిలేశానని చెప్పింది కూడా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను మూసేసి మనిషి మీద పడ్డాను.

లాభాన్ని ఒకటిగా దిద్ది మళ్ళీ ఎక్కించాను. నూట ఎనభై ఒకటి. జగదీష్ నవ్వి ఆర్డరు ఖాయమన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం బయటికి వెళ్ళి కొండమ్మత్త ముందు నేల మీద కూలబడ్డాను. తప్పు నాదేనని అందరూ వినేలా చెప్పాను.

"మిషన్ మొరాయిస్తే రెండుసార్లు తుడిచి మళ్ళ మొదటికెల్లి పెట్టుకున్నవ్ బిడ్డా," అంది ఆమె మెల్లగా. "నన్ను ఒక్కసారన్న మళ్ళ లెక్కపెట్టమనకపోతివి."

తాళంచెవి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది.

ఆ వారమంతా కూర్చుని, ఆ గడిలో లాభం అని రాసినా పట్టేలా సాఫ్ట్‌వేర్‌ను మార్చాను. ఇక ఎప్పటిలాగే లాభం అనొచ్చని కొండమ్మత్తకు చెప్పాను. సోమవారం కొత్త సరుకు వచ్చింది. కొండమ్మత్త మొదటి బస్తా మీద చెయ్యి వేసింది. ఫోన్ పట్టుకుని భవాని, గుమ్మంలో నేను, అందరం ఆమె నోటి వంకే చూస్తున్నాం.

"ఒకటి" అంది.