మూడో పిలుపు

ఊళ్ళోవాళ్ళు నోటికొచ్చినట్టు వాగనీ, నా మనవడు హంతకుడు కాడు. ఆ మాట అందరిచేతా ఒప్పించడానికే నేను ఆ పొద్దు నదిగట్టు మీద, అడవిలో మమ్మల్ని కాచే దేవత బనబీబీ తల్లి గుడిసె దగ్గరికి వెళ్ళాను. పోలీసులు వచ్చి రాసుకుపోయారు, వాళ్ళ సంగతి కోర్టు చూసుకుంటుంది. వాణ్ణి ఊళ్ళో ఉండనివ్వాలా వద్దా అన్నది మాత్రం ఊరే తేల్చాలి. మా దగ్గర ఇలాంటి తగవులో చచ్చినవాడి తల్లి మాటే ఆఖరిది.

తల్లీతండ్రీ లేని పిల్లలు పరాన్, వాడి చెల్లెలు ఫేలి. నేనే పెంచాను. మా పొరుగింటి సరళ కొడుకు గోష్ఠోతో కలిసి పీతలు పట్టడానికి డింగీ పడవలో అవతలి అడవికి వెళ్ళారు. గాలివానకి డింగీ కొట్టుకుపోయింది. చుట్టూ ఉప్పునీళ్ళు, కాళ్ళకింద బురద, వెనకాల పెద్దపులి. కొన్ని రోజులకి అటవీశాఖ లాంచీ కనిపెట్టేసరికి నా మనవలిద్దరే మిగిలారు. గోష్ఠోని చంపింది పులి కాదు, పరాన్ చేతిలోని తెడ్డు.

అడవిలో చీకటి పడ్డాక ఎవరు పేరుపెట్టి పిలిచినా మేం వెంటనే పలకం. నిశి అనే దయ్యం అయినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది, కానీ రెండుసార్లకు మించి పిలవదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. ఉగ్గుపాలతో పాటు ఈ మాట పరాన్‌కి పోసింది నేనే.

"చెప్పరా పరాన్, గోష్ఠో ఎన్నిసార్లు పిలిచాడు?" అని అడిగాడు ఊరిపెద్ద భూధర్.

"రెండుసార్లు తాతా. చీకట్లో ఏదో మీదికొచ్చింది. భయమేసి కొట్టాను."

"విన్నారా!" అని లేచాను. "పసివాడయ్యా! తిండా, నీళ్ళా? మీసాలు మెలేస్తున్నారు గానీ, మీలో ఎవడైనా అక్కడ ఒక్క రాత్రి ఉండి రండి, పంచె తడవకుండా!"

"కూచో వదినా, నీ నోటికో దండం," అన్నాడు భూధర్. నలుగురూ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరు నవ్విందంటే సగం క్షమించినట్టే.

సరళ నవ్వలేదు, ఏడవనూ లేదు. "నా బిడ్డ చీకట్లో ఎందుకు తిరుగుతున్నాడు?" అంది.

"నీళ్ళు వెతకడానికి వెళ్ళాడు పిన్నీ, ఖాళీ డబ్బా పట్టుకుని. మా సీసాలో గుక్కెడే మిగిలింది," అన్నాడు పరాన్.

"ఆ గుక్కెడుతోనే లాంచీ వచ్చేదాకా బతికారా?"

పరాన్ తల వంచేశాడు. "వాననీళ్ళు తాగుంటార్లే," అన్నాను నేను.

"మళ్ళీ వాన పడలేదు అవ్వా," అంది ఫేలి. తిరిగొచ్చాక అది నోరు విప్పడం అదే మొదలు. "గోష్ఠో అన్న తెచ్చినవే తాగాం. డబ్బా నిండా తెచ్చాడు. మూడుసార్లు పిలిచాడు. మూడోసారి, మంచినీళ్ళు దొరికాయిరా పరాన్ అన్నాడు."

"నోర్ముయ్యవే!" అని చెయ్యెత్తాను. భూధర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"విన్నాను," అన్నాడు పరాన్ వెక్కుతూ. "నిశి కాదని తెలుసు. నీళ్ళు దొరికాయంటే నమ్మలేదు. మా గుక్కెడూ లాక్కోడానికి నాటకమాడుతున్నాడనుకున్నా. అది కూడా పోతే ఫేలి చచ్చిపోతుందనుకున్నా."

అదీ భయమే కదా, దాహం మనిషిచేత ఏ పనైనా చేయిస్తుంది కదా అని అరుద్దామనుకున్నాను. సరళ మొహం చూసి కూలబడ్డాను. నవ్వినవాళ్ళంతా నేలచూపులు చూస్తున్నారు.

"వాణ్ణి ఊళ్ళోంచి తరమొద్దు," అంది సరళ. "నా కొడుకు తెచ్చిన నీళ్ళు తాగి బతికాడు. ఆ నీళ్ళు వృథా కాకూడదు."

నేను పరిగెత్తి ఆమె కాళ్ళమీద పడబోయాను. వెనక్కి జరిగింది.

"క్షమించాననుకోకు పెద్దమ్మా. ఒరే పరాన్, రోజూ దీపాలవేళకి నా గుమ్మం ముందుకొచ్చి మూడుసార్లు పిలువు. నేను పలకను. అయినా పిలవాలి."

ఆ సాయంత్రమే వెళ్ళాడు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య చేపల చెరువొక్కటే అడ్డం. పొయ్యి దగ్గర గంటె పట్టుకుని విన్నాను. "పిన్నీ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారీ పిలిచాడు. లోపల దీపం వెలుగుతూనే ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. కనీసం నేనైనా పలుకుదామని నోరు తెరిచాను. వాడు పిలిచింది నన్ను కాదు.