మాచర్ల రోడ్డు పట్టిన పాట

సాయంత్రం గుంటూరు రైలు వచ్చి ఆగాక మాచర్లలో పాటలు ఇళ్ళకి చేరేవి. పగలంతా ఎవరెవరి నోళ్ళలోనో తిరిగిన పాట, పొద్దుగూకేసరికి తనని కట్టిన మనిషి ఎక్కడుంటే అక్కడికి వచ్చి, చుట్టూ కాసేపు తిరిగి అణిగిపోయేది. పెళ్ళిలో పాడిందైతే బిర్యానీ వాసన. లారీలో మోగిందైతే డీజిల్ కంపు. మోటార్లకి వైండింగ్ చేసే యాకూబ్ ఇంటికి రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉండేది గనక, అతని భార్య అబిదా ఆ వేళకి తలుపులు బార్లా తీసి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది.

యాకూబ్ మొదటినుంచీ మోటార్ల మనిషి కాదు. సాగర్ డ్యాం కట్టే రోజుల్లో అక్కడి ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుని, స్నేహితుడు పున్నారావుతో కలిసి రాక్ బ్యాండు పెట్టాడు. వాళ్ళు వాయిస్తుంటే గుంటూరు కాలేజీల్లో కుర్రాళ్ళు బెంచీలెక్కి ఎగిరేవాళ్ళు. తర్వాత పున్నారావు మద్రాసు పోయి ‘ఎండా ఎండా ఎటు పోతావే’ అని ఒక పాట రికార్డిచ్చాడు. అది ఊరూరా మోగింది. రికార్డు మీద కట్టినవాళ్ళ పేరు లేదు. సాయంత్రాలు మాత్రం ఆ పాట నేరుగా యాకూబ్ ఇంటికే వచ్చేది. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ వరస తన వేళ్ళ మీదే పుట్టిందనీ, పున్నారావు ఎత్తుకుపోయాడనీ యాకూబ్ తేల్చేసుకున్నాడు. గిటార్ అటకెక్కింది. స్నేహం తెగింది.

ఎనభయ్యారులో విజయవాడ నుంచి కేసెట్ కంపెనీ ఆయన వచ్చాడు. యాకూబ్ మళ్ళీ గిటార్ పడితే అతని పేరుతో ఒక కేసెట్ వేద్దామన్నాడు. గెస్టులుగా డప్పుకి యల్లమంద, పాటకి పున్నారావు.

“అడగ్గానే సరేనన్నాడంట పున్నారావు. ఏందే వాడి ఎత్తు?” అన్నాడు యాకూబ్ అబిదాతో.

“పాత స్నేహం లాగిందేమోలే.”

“వాణ్ణి లాగేది స్నేహం కాదు. నా పాటలు.”

రికార్డింగు దాచేపల్లిలో, మూతబడ్డ సినిమా హాల్లో పెట్టారు. బయట సిమెంటు లారీ పోయినప్పుడల్లా ఆపి, సిమెంటు దుమ్ము దులుపుకుని మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. యాకూబ్ పున్నారావుకి వీపు పెట్టి, వేళ్ళు కనపడకుండా తువ్వాలు కప్పుకుని వాయించాడు. పున్నారావు ఏదన్నా కూనిరాగం తీస్తే ఠక్కున ఆపేసేవాడు. పున్నారావు తెచ్చిచ్చిన టీ వాసన చూసి పక్కన పెడితే, యల్లమంద అది కూడా తాగేశాడు.

“విషం చానా తియ్యగా ఉందన్నా,” అన్నాడు.

పాటలన్నీ అయ్యాక పున్నారావు దగ్గరికొచ్చాడు. “ఒరేయ్, ‘ఎండా ఎండా’ కూడా పెడదాంరా.”

“ఎవరి పేరు మీద?”

“అదే తేలాలి. మద్రాసులో ప్రతి సాయంత్రం కిటికీ తీసిపెట్టి చూశా. ఒక్కనాడు కూడా నా దగ్గరికి రాలా. నేను కట్టింది కాదు, అందుకే నా పేరు వెయ్యనియ్యలా. నువ్వేనా అని అడగటానికి మీ ఇంటికొస్తే తలుపు తియ్యకపోతివి.”

“నా ఇంటికే వచ్చేదిరా అది!”

“ఇంకేం మరి. ఇప్పుడు పాడదాం. నీ దగ్గరికొస్తే నీ పేరే.”

ఇందులోనూ ఏదో మెలిక ఉందనే అనిపించింది యాకూబ్‌కి. అయినా వాయించాడు.

పొద్దువాలాక ముగ్గురూ హాలు మెట్ల మీద కూర్చున్నారు. ఆ రోజు పాడిన పాటలు ఒక్కొక్కటే సిమెంటు దుమ్ము కొట్టుకుని వచ్చి యాకూబ్ చుట్టూ తిరిగాయి. యల్లమంద తుమ్మాడు. చివరికి ‘ఎండా ఎండా’ వచ్చింది. యాకూబ్‌ని తాకను కూడా తాకకుండా దాటింది. యాకూబ్ కళ్ళెర్రజేసి పున్నారావు వైపు చూశాడు. అది అక్కడా ఆగలేదు. నిలిపి ఉన్న లారీల మీదుగా పోయి మాచర్ల రోడ్డు పట్టింది.

“ఎటు పోతందిరా అది?” అన్నాడు పున్నారావు.

యాకూబ్ లేచి, కదులుతున్న బస్సెక్కాడు. అబిదా పుట్టింటికని గురజాల పోయిన రోజుల్లో ఆ పాట ఇంటికి వచ్చేది కాదు. ఎవరూ మోగించడం లేదేమో అనుకునేవాడు. ఆ సంగతి బస్సులో గుర్తొచ్చింది.

ఇంట్లో అబిదా చేట ముందేసుకుని కూర్చునుంది. పాట ఆమె భుజాల చుట్టూ మెల్లగా తిరుగుతోంది. జుట్టు మీద సన్నగా సిమెంటు దుమ్ము.

“ఎప్పట్నుంచి తెలుసే నీకు?”

“గురజాల పోయినప్పుడల్లా నా ఎనకే వచ్చేది. మా అమ్మకీ తెలుసు.”

“మరి నాకెందుకు చెప్పలా?”

“ఎప్పుడు చెప్పను? పాట రావటం ఆలస్యం, పున్నారావన్నని తిట్టటానికే నీకు పొద్దు చాలకపోయె. నేను అంట్లు తోముకుంటా పాడుకున్న వరస నీ గిటార్‌లో ఇన్నప్పుడు సంబరపడ్డా. ఎవురిదని నువ్వు ఒక్కసారన్నా అడిగితివా?”

యాకూబ్ గడపలోనే కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ పున్నారావుని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

“ఇంకా ఉన్నయ్యా, అట్టాంటివి?” అడిగాడు.

“ఉంటే?”

“రేపు దాచేపల్లి రా. నువ్వు పాడు, నేను వాయిస్తా.”

అబిదా చెయ్యి ఆగింది. అతని మొహంలోకి అనుమానంగా చూసింది. “నా చేత పాడించుకుని పైన నీ పేరేసుకుంటావా?”

“వేసుకోను.”

ఆమె వెంటనే నమ్మలేదు. బియ్యం డబ్బాలో పోసి, మూత బిగించి, పొయ్యి వెలిగించి, అన్నం వండి పెట్టి, అప్పుడు అంది: “కేసెట్ ఆయన ముందర చెప్పు ఆ మాట.”

మర్నాడు పొద్దున్నే దాచేపల్లి హాల్లో కేసెట్ ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. “ఈమె కూడా గెస్టేనా అండీ?”

“కాదండీ,” అన్నాడు యాకూబ్. “ఈ పాట ఆమెది. గెస్టులం మేం ముగ్గురం.”

పున్నారావు లేచి తన స్టూలు జరిపాడు. అబిదా కూర్చోలేదు. తలమీద కొంగు సవరించుకుని, బయట గడ్డిమంటలో డప్పు కాచుకుంటున్న యల్లమందని కేకేసి పిలిచింది.

“రాయ్యా తమ్ముడూ, చాల్లే కాచింది. నాకు మళ్ళా పాట చల్లారిపోద్ది.”