మల్కాపురం మేడ మీద వెలుతురు

మా ఆవిడ హిమబిందు లెక్క కట్టేది వెలుతురుని. ఎండ నేలకి దిగేలోగా ఉప్పు తేమకీ ధూళికీ తగిలి ఎన్నో దారులు పడుతుందట. ఆ దారులన్నిటినీ కలిపి అంచనా వేసే క్వాంటమ్ పద్ధతి ఒకటి తయారుచేసింది. ఎక్కడో ఉన్న క్వాంటమ్ కంప్యూటర్‌కి ఇంటర్నెట్‌లో లెక్క పంపుతుంది. జవాబు సరో కాదో చూడ్డానికి మల్కాపురంలో మా మేడ మీద ఎండ కొలిచే పరికరం పెట్టింది. నేను పోర్టులో క్రేన్ నడుపుతాను, నాకర్థమైంది ఇంతే.

ఆ లెక్క కుదరడం లేదు. పొద్దునా సాయంత్రం బాగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం లెక్కలో వచ్చినంత వెలుతురు పరికరంలో కనిపించదు. "శుక్రవారం దాకా చూద్దాం. కుదరకపోతే క్వాంటమ్ వదిలేసి పాత పద్ధతికి వెళ్లమ్మా" అన్నారు మధురవాడ కాలేజీలో ఆమె పరిశోధనకి గైడు అచ్యుతరామయ్యగారు. ఏళ్ల తరబడి చేసిన పని. బిందు అన్నం కెలుకుతూ కూర్చుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

గురువారం మధ్యాహ్నం మేడెక్కాను. వడియాల మీద పల్చటి తువ్వాలు, పరికరం మీద ఇంకోటి. మేడ మీద ఏది పెట్టినా ధూళికీ కాకులకీ గుడ్డ కప్పడం మా వీధి ఆడవాళ్ల అలవాటు. నాకు ఒళ్లు మండిపోయింది. కిందికొచ్చి మా అమ్మ చిట్టెమ్మ మీద ఎగిరాను.

"నానే కప్పినాను. ఎండకి మాడిపోదేటి? పిల్ల పేనంలా సూసుకుంటాది. ఎండ తగ్గగానే వడియాలతో పాటు దానిదీ తీసేత్తన్నాను కదా" అంది.

సాయంత్రం బిందుకి చెప్పాను. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. బిందు తనే లోపలికి వెళ్లింది.

"అత్తా, ఆ తువ్వాలు ఓపాలి ఇయ్యి."

లైటు కింద పెట్టి, దాంట్లోంచి ఎంత వెలుతురు దిగుతుందో కొలిచింది. గాలి పొరల కింద దాన్నీ ఒక పొరగా మధ్యాహ్నపు లెక్కలో చేర్చి మళ్లీ పంపింది.

శుక్రవారం వీడియోలో గైడుగారు చూశారు. లెక్కా కొలతా ఒకే గీతలా ఉన్నాయి.

"నీ పద్ధతి సరైనదే, కొనసాగించు. మరి ఈ కొత్త పొర ఏమిటి, పొగమంచా?"

"కాదు సార్. మా అత్తగారు."

ఆ క్షణాన నాకు ఇద్దరి మీదా పట్టలేనంత ప్రేమ కలిగింది. తలుపు చాటున అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల దాని పని పోనేదు కదరా?"

"పోలేదే. నువ్వు లేకుండా లెక్క కుదర్లేదంట."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అలగైతే ఇయ్యాల కూడా కప్పీమంటాదేటి?"